చదువు కడప దాకా వచ్చిన దారి



కువైట్‌లోని కబ్ద్‌లో జాఖూర్లలో గొర్రెల్నీ ఒంటెల్నీ చూసుకునేవాళ్ళు, మజ్రాల్లో చెట్లకు నీళ్ళు పెట్టేవాళ్ళు, గుర్రపు శాలల్లో పనిచేసేవాళ్ళు, కఫీల్ కుటుంబాన్ని కారులో ఎక్కించుకుని సెలవురోజుల్లో ఇక్కడికి వచ్చిపోయే డ్రైవర్లు, ఈ పూట నేను ముఖ్యంగా మీతో మాట్లాడుతున్నాను. మీలో చాలామందిది రాయచోటి, రాజంపేట, బద్వేలు, పులివెందుల వైపు. కొందరిది కోనసీమ. మీరు ఇంటికి పంపే డబ్బు మొదట అప్పుకు పోతుంది, తర్వాత ఇంటి కప్పుకు పోతుంది, ఆ తర్వాత పిల్లల చదువుకు పోతుంది. ఆ చదువు మన ఉమ్మడి కడప జిల్లా దాకా ఎట్లా వచ్చిందో, ఎవరు అడిగితే వచ్చిందో, ఎన్నాళ్ళకు వచ్చిందో చెప్పడానికే ఈ ప్రసంగం. కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం గురించి చెబుతాను. దానికి విశ్వవిద్యాలయం హోదా వచ్చింది 2006లోనే అయినా, కథ అంతకు చాలా ముందు నుంచే ఉంది.

మన ఊరి కాలేజీలో మన పిల్లవాడు చదువుతాడు. పాఠం చెప్పేది కాలేజీ. ఏ పాఠం చెప్పాలో నిర్ణయించి, పరీక్ష పెట్టి, పేపర్లు దిద్దించి, చివరికి పట్టా చేతికిచ్చేది విశ్వవిద్యాలయం. డిగ్రీ అయ్యాక పీజీ, ఆపైన పరిశోధన కూడా దాని ఆవరణలోనే. అంటే విశ్వవిద్యాలయం ఎంత దూరంలో ఉంటే పైచదువు అంత దూరంలో ఉన్నట్టే. మన సీమ పిల్లలకు ఆ దూరం చాలాకాలం మద్రాసు దాకా ఉండేది.

నిజాం నవాబు 1800లో బళ్ళారి, కడప, అనంతపురం, కర్నూలు సీమల్ని ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చేశాడు. అప్పటినుంచి వీటికి దత్తమండలాలని పేరు. మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో ఏర్పడింది. తెలుగునాట ఏ కాలేజీ పెట్టినా దానికే అనుబంధం కావాలి. మదనపల్లెలో అనీబిసెంట్ పెట్టిన థియొసాఫికల్ కాలేజీ 1915లో వచ్చింది. అనంతపురంలో దత్తమండల కళాశాల 1916లో వచ్చింది. ఈ రెండూ మన సీమకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. మదనపల్లె కాలేజీకి 1919లో రవీంద్రనాథ్ టాగూర్ వచ్చి ఉన్నారు. జనగణమనను ఆయన ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. అంతటివాళ్ళు వచ్చిపోయిన సీమలో కూడా బీఏ తర్వాత ఇంకా చదవాలంటే మద్రాసు రైలెక్కడం తప్ప వేరే దారి లేదు.

తెలుగువాళ్ళకు సొంత విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయంగా తీరింది. దానికి మొదటి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి గారు, మన చిత్తూరు జిల్లావారు. మొదట బెజవాడలో పెట్టారు. శాశ్వతంగా ఎక్కడ ఉండాలన్న దానిమీద పెద్ద తగవు జరిగింది. అనంతపురంలో పెట్టాలని సీమ నాయకులు పట్టుబట్టారు. చివరికి 1930లో అది వాల్తేరుకు వెళ్ళింది. కడప నుంచి వాల్తేరు ఎంత దూరమో మీకు తెలుసు. దానికంటే మద్రాసే దగ్గర. సీమ కాలేజీలు మద్రాసు కిందే నడిచాయి. తెలుగువాళ్ళకోసం పుట్టిన విశ్వవిద్యాలయం సీమవాళ్ళకు అందకుండా పోయింది. ఈ బాధ చిన్నది కాదు. తర్వాతి పాతికేళ్ళ రాజకీయాన్ని నడిపించిన కారణాల్లో ఇదొకటి.

రాయలసీమ అన్న పేరు కూడా ఒక కాలేజీ అధ్యాపకుడు ఇచ్చిందే. 1928 నవంబరులో నంద్యాలలో దత్తమండలాల సభ జరిగినప్పుడు ఈ పేరు సూచించింది చిలుకూరి నారాయణరావు గారు. అనంతపురం దత్తమండల కళాశాలలో ఆయన తెలుగు పండితులు. ఎవరో ఎవరికో దానమిచ్చిన మండలాలు అనిపించుకోవడం కన్నా, కృష్ణదేవరాయల సీమ అనిపించుకోవడం గౌరవమని ఆనాటివాళ్ళు భావించారు. ఒక కాలేజీ అక్కడ ఉండబట్టి, అందులో అటువంటి మనిషి ఉండబట్టి ఈ పేరు వచ్చింది.

ఆ తర్వాత శ్రీబాగ్ ఒడంబడిక. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి భవనం పేరు శ్రీబాగ్. 1937 నవంబరు 16న కోస్తా నాయకులూ సీమ నాయకులూ అక్కడ కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నారు. నీళ్ళ గురించి, రాజధాని గురించి, హైకోర్టు గురించి ఇప్పటికీ అందరూ దాన్నే తలుచుకుంటారు. అందులో మొదటి మాట విశ్వవిద్యాలయం గురించి అన్న సంగతి మాత్రం చాలామందికి గుర్తుండదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద వాల్తేరులో ఒక కేంద్రం, అనంతపురంలో ఒక కేంద్రం ఉండాలని రాసుకున్నారు. కరువు సీమ నాయకులు నీళ్ళతో సమానంగా చదువును అడిగారు. నా మటుకు నాకు ఈ ఒక్క సంగతి చాలు, ఆ పెద్దలమీద గౌరవం కలగడానికి.

ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది. కర్నూలు రాజధాని. ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి గారు ఉపముఖ్యమంత్రి. ఆ ప్రభుత్వం పదమూడు నెలలు మాత్రమే ఉంది. కర్నూలులో ఆఫీసులకు చోటు లేక గుడారాల్లో పని చేయించిన ప్రభుత్వం అది. అంత ఇరుకులో, ఉన్న కాస్త కాలంలోనే, 1954 సెప్టెంబరు 2న తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాన్ని స్థాపించింది. తిరుమల తిరుపతి దేవస్థానం కొండ కింద విశాలమైన భూమి ఇచ్చింది. దేవస్థానం వాళ్ళు అప్పటికే నడుపుతున్న కాలేజీ ఉంది, తాళపత్రాలు సేకరించే ప్రాచ్య పరిశోధనాలయం ఉంది. ఆ పరిశోధనాలయాన్ని కూడా తర్వాత విశ్వవిద్యాలయానికి అప్పగించారు. మొదటి ఉపాధ్యక్షుడు ఎస్. గోవిందరాజులు నాయుడు గారు. సీమ నాలుగు జిల్లాలూ నెల్లూరూ దాని పరిధి. కొండమీద యాత్రికులు సమర్పించిన కానుకలు కొండ కింద చదువుగా మారాయి. దేవస్థానం ఖర్చుల్లో దీన్ని మించిన సార్థకమైనది మరొకటి కనిపించదు.

అనంతపురానికి ఇస్తామన్నది తిరుపతికి వెళ్ళిందన్న కొరత అనంతపురం వాళ్ళలో ఉండిపోయింది. ఆ కొరత న్యాయమైనదే.

ఇక్కడ కువైట్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. తిరుపతిలో విశ్వవిద్యాలయం తెరిచిన రోజుల్లో ఇక్కడి బజార్లలో చెల్లుబడయ్యేది మన రూపాయే. దినారు వచ్చింది 1961లో. అదే ఏడాది జూన్‌లో ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. ఐదేళ్ళు తిరిగేసరికి, 1966లో, కువైట్ విశ్వవిద్యాలయం తెరిచారు. మొదటి ఏడాది 418 మంది విద్యార్థులు, 31 మంది అధ్యాపకులు. ఆ తొలి కాలేజీల్లోనే ఆడపిల్లల కాలేజీ ఒకటి. 1990లో ఇరాక్ దండెత్తినప్పుడు ప్రయోగశాలలూ గ్రంథాలయాలూ దోపిడీకి గురయ్యాయి. యుద్ధం ముగిశాక మళ్ళీ నిలబెట్టారు. జలీబ్‌లో ఉండే మనవాళ్ళందరికీ షదాదియా తెలుసు కదా. అక్కడ సబా అల్ సాలెం యూనివర్సిటీ సిటీ పేరుతో కనిపించే ఆ పెద్ద భవనాలు ఆ విశ్వవిద్యాలయానివే. నగరంలో తలా ఒక చోట ఉన్న కాలేజీలు 2019 నుంచి అక్కడికి మారాయి. కొత్తగా రాష్ట్రమైన ఆంధ్రాకూ, కొత్తగా దేశమైన కువైట్‌కూ చేతిలో ఉన్న డబ్బులో పోలికే లేదు. ఒకరిది అప్పుల ఖజానా, ఒకరిది నూనె బావుల ఖజానా. అయినా తమ ఇల్లు తాము సర్దుకోవడం మొదలుపెట్టగానే ఇద్దరికీ మొదట గుర్తొచ్చిన పనుల్లో విశ్వవిద్యాలయం ఉంది.

మళ్ళీ సీమకు వద్దాం. తిరుపతి మద్రాసు కంటే దగ్గరే. కడప నుంచి సుమారు 140 కిలోమీటర్లు. బస్సులో తెల్లవారి బయల్దేరితే మధ్యాహ్నం కాకముందే చేరొచ్చు. కానీ రాయచోటి అవతల పల్లెలో ఒక రైతు కూతుర్ని తిరుపతిలో హాస్టల్లో పెట్టి ఎమ్మెస్సీ చదివించాలంటే ఆ 140 కిలోమీటర్లు చాలా ఎక్కువ. హాస్టల్ ఖర్చొకటి, ఇంట్లో పెద్దవాళ్ళ భయమొకటి. ఆ భయాన్ని తేలిగ్గా తీసెయ్యలేం. డిగ్రీలో కాలేజీ ఫస్టు వచ్చిన ఆడపిల్లలు ఎంతమంది అక్కడితో చదువు ఆపేసి అత్తగారిళ్ళకు వెళ్ళిపోయారో మీ ఇళ్ళలోనే అడగండి.

అందుకే పీజీ సెంటర్లు వచ్చాయి. విశ్వవిద్యాలయం తన ఊరు దాటి, ఇంకో జిల్లాలో నాలుగైదు శాఖలతో ఒక చిన్న కేంద్రం తెరుస్తుంది. అధ్యాపకుల్ని పంపుతుంది. పట్టా తన పేరుతోనే ఇస్తుంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం అనంతపురంలో 1968లో అట్లా పీజీ సెంటర్ పెట్టింది. అది పెరిగి 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. శ్రీబాగ్‌లో రాసుకున్న మాట నలభై నాలుగేళ్ళకు నెరవేరింది. 1983లో తిరుపతిలోనే ఆడపిల్లలకు ప్రత్యేకంగా శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. కడపలో పీజీ సెంటర్ 1977లో పెట్టారు. అది మాత్రం దాదాపు ముప్పై ఏళ్ళు పీజీ సెంటర్‌గానే ఉండిపోయింది.

ఆ ముప్పై ఏళ్ళను తక్కువగా చూడకూడదు. కడప పట్టణంలో ఎమ్మే, ఎమ్మెస్సీ చదవొచ్చు అన్న మాట ఒకటి ఊళ్ళలోకి వెళ్ళింది. బస్సు పాసుతో ఇంటినుంచి వచ్చి చదివి వెళ్ళిన పిల్లలు ఇప్పుడు జిల్లా అంతటా లెక్చరర్లుగా, టీచర్లుగా ఉన్నారు. చాలా ఇళ్ళలో పీజీ చేసిన మొదటి మనిషి ఆ సెంటర్‌లోనే చేశారు.

2006 మార్చిలో శాసనసభ చట్టంతో ఆ పీజీ సెంటరే యోగి వేమన విశ్వవిద్యాలయమైంది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారిది ఈ జిల్లానే కాబట్టి వచ్చిందని కొందరంటారు. అదొక కారణం కావచ్చు. కానీ అదే ఏడాది రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, నిజామాబాద్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయం కూడా వచ్చాయి. 2008లో కర్నూలు, నెల్లూరు, మచిలీపట్నం, శ్రీకాకుళం, మహబూబ్‌నగర్, కరీంనగర్ వరస కట్టాయి. కోనసీమ శ్రోతలకు ఇప్పుడు నన్నయ విశ్వవిద్యాలయం ఎట్లాగో, కడపవాళ్ళకు వేమన విశ్వవిద్యాలయం అట్లాగ. కడప విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షుడు అర్జుల రామచంద్రారెడ్డి గారు. పులివెందుల రోడ్డులో వేమనపురం అని పిలిచే చోట ఆవరణ లేచింది. ప్రొద్దుటూరులో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. పదో తరగతి అయిన పల్లె పిల్లల కోసం 2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. అది వేరే విశ్వవిద్యాలయం కిందిదే అయినా ఉన్నది మన జిల్లాలో.

విశ్వవిద్యాలయం దగ్గరికి రావడం సగం పనే. వచ్చాక తను నిలబడ్డ నేలను చదవాలి. ప్రాంతీయ విశ్వవిద్యాలయానికి ఉండాల్సిన మొదటి లక్షణం నా దృష్టిలో ఇదే. ఈ విషయంలో మనకు మంచి దారి వేసినవాళ్ళున్నారు.

కడపలో కలెక్టరాఫీసు ఉద్యోగిగా 1820లో అడుగుపెట్టిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇక్కడే బంగళా కొని, సొంత జీతంతో పండితుల్ని పెట్టి తెలుగు కావ్యాల ప్రతులు సరిచూయించాడు. వేమన పద్యాలు సేకరించి 1829లో అచ్చు వేయించాడు. ఆ బంగళా ఉన్న చోట గ్రంథాలయం కట్టించడానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి డబ్బూ పుస్తకాలూ పోగుచేశారు. యోగి వేమన విశ్వవిద్యాలయం వచ్చాక సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా అది విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఇంగ్లీషువాళ్ళ సర్వే అధికారి మెకంజీ కాలంలో ఊరూరా రాయించిన ఊరి చరిత్రల్లో, అంటే కైఫీయతుల్లో, కడప జిల్లావి అక్కడినుంచి పుస్తకాలుగా వచ్చాయి. మీ ఊరి చెరువు ఎవరు తవ్వించారో, మీ ఊరి గుడికి మాన్యం ఎవరిచ్చారో ఆ పుస్తకాల్లో దొరకవచ్చు. సెలవుకు ఊరికి పోయినప్పుడు ఒకసారి ఆ కేంద్రానికి వెళ్ళండి.

కథకులు కేతు విశ్వనాథరెడ్డి గారి పేరు మీలో చాలామంది విని ఉంటారు. ఆయన డాక్టరేట్ పరిశోధన కడప జిల్లా ఊళ్ళ పేర్ల మీద. మనం రోజూ పలికే పల్లె, పాడు, గుంట, మడుగు, కోన, వీటివెనక ఉన్న నేలనూ నీళ్ళనూ కులాలనూ ఆయన పట్టుకున్నారు. దూరాన ఉన్న పెద్ద విశ్వవిద్యాలయానికి ఇటువంటి విషయం మీద ఆసక్తి ఎందుకుంటుంది? ఇది సీమ మనిషి, సీమ కోసం చేయాల్సిన పని.

రాళ్ళ సంగతీ అంతే. మన జిల్లా కింది రాతి పొరల్ని భూగర్భ శాస్త్రవేత్తలు ప్రపంచమంతటా కడప బేసిన్ అనే పిలుస్తారు. రాజంపేట వాళ్ళకు మంగంపేట ముగ్గురాయి గనుల గురించి నేను చెప్పక్కర్లేదు. ఆ రాయి పొడి చేసి నూనె బావులు తవ్వేటప్పుడు బురదలో బరువుకోసం కలుపుతారు. అది గల్ఫ్ దేశాలకు కూడా ఎగుమతి అవుతుంది. మనుషుల కంటే ముందో వెనకో, మన రాయి కూడా ఈ దేశాల దారి పట్టింది. అటువంటి జిల్లాలో భూగర్భ శాస్త్రం చదవడానికి సొంత విశ్వవిద్యాలయం ఉండటం ఎంత అవసరమో ఆలోచించండి.

సొంత నేలను చదవడానికి కబ్ద్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. కువైట్ శాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ళు ఇక్కడ కొంత నేల చుట్టూ కంచె వేసి పశువులు మేయకుండా కాపాడుతున్నారు. లోపల అర్ఫజ్ వంటి ఎడారి మొక్కలు ఎట్లా తిరిగి పుంజుకుంటాయో ఏళ్ళ తరబడి లెక్క రాస్తారు. బయటివాళ్ళకు ఇది ఉత్త ఇసుక. ఈ దేశంవాళ్ళకు ఇది చదవాల్సిన నేల. మరి మన జిల్లా నుంచి అర్ధ శతాబ్దంగా వేలాది మంది ఈ ఇసుకలోకి వస్తున్నారే, ఆ రాకపోకల్ని చదివే శాఖ మన విశ్వవిద్యాలయంలో ఉండాలి కదా? ఖాదిం వీసామీద వచ్చిన మా అక్కలు ఎన్నేళ్ళకొకసారి పిల్లల్ని చూశారు, పంపిన డబ్బు పొలంగా మారిందా, ఇల్లుగా మారిందా, వడ్డీగా కరిగిందా, తిరిగి వచ్చిన మనిషి ఊళ్ళో మళ్ళీ ఎట్లా ఇమిడాడు, ఇవన్నీ విశ్వవిద్యాలయం స్థాయిలో చదవాల్సిన విషయాలే. విడివిడిగా ఒకటి అరా పరిశోధనలు సరిపోవు. వలస అధ్యయనానికి ఒక శాశ్వత కేంద్రం కడపలో కావాలి. కేరళవాళ్ళు తిరువనంతపురంలో దశాబ్దాలుగా గల్ఫ్ వలసల సర్వేలు చేస్తూనే ఉన్నారు. దానివల్ల వాళ్ళ ప్రభుత్వం చేతిలో లెక్క ఉంది.

లోపాలు లేవని చెప్పను. రాష్ట్ర విశ్వవిద్యాలయాలన్నిట్లోనూ అధ్యాపకుల ఖాళీలు ఏళ్ళ తరబడి అట్లాగే ఉంటున్నాయి. ఒప్పంద అధ్యాపకుల మీద శాఖలు నడుస్తున్నాయి. భవనం కట్టడం ప్రభుత్వాలకు తేలిక, మనిషిని నియమించడం కష్టమైంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం బలహీనపడితే మొదట దెబ్బతినేది ప్రైవేటు ఫీజు కట్టలేని ఇల్లు. అందుకే దీన్ని గట్టిగా అడగాలి. మీ ఓటు ఊళ్ళోనే ఉంది.

తల్లిదండ్రులుగా మీరు చేయగలిగిన పని కూడా ఉంది. పిల్లల్ని ఇంజనీరింగ్‌లో చేర్చేటప్పుడు బ్రోచర్లో బొమ్మలు చూడకండి. ఆ కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు ఉందా, కాలేజీకి న్యాక్ గుర్తింపు ఉందా అని అడగండి. ఎన్‌బీఏ లేని కాలేజీల్లో చదివిన మన ఇంజనీర్లు 2018 నుంచి ఇక్కడ అకామా మార్చుకోవడానికి ఎంత అవస్థ పడ్డారో మీకు తెలుసు. పట్టా మీద ముద్ర నిజమైనదని విశ్వవిద్యాలయం ఇచ్చే జెన్యూనిటీ లెటర్ విలువ కూడా ఇక్కడికి వచ్చాకే తెలుస్తుంది. డిగ్రీ పూర్తయిన పిల్లలు రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎమ్మే, ఎమ్మెస్సీ వంటి పీజీ చేయాలన్నా ఇప్పుడు ఒకటే ప్రవేశ పరీక్ష. 2021లో మొదలైన ఆ పరీక్షను మొదటిసారి నిర్వహించింది మన యోగి వేమన విశ్వవిద్యాలయమే. ఆ నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఇంటికి ఫోన్ చేసి, దరఖాస్తు పెట్టారా లేదా అని ఒక్క మాట అడగండి.

ఇంకో విన్నపం. మీ పెట్టెల్లో పాత ఉత్తరాలు, మొదటి వీసా కాగితాలు, ఒకప్పుడు మాటలు రికార్డు చేసి ఇంటికి పంపిన క్యాసెట్లు ఉంటే పారేయకండి. మన జిల్లా చరిత్రలో అర్ధ శతాబ్దం వాటిలో ఉంది. సెలవుకు వెళ్ళినప్పుడు కడపలో బ్రౌన్ కేంద్రానికో, విశ్వవిద్యాలయం చరిత్ర శాఖకో వెళ్ళి వాటిని చూపించండి. నకలు తీసుకోమనండి. మీ కూతురు డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంటే, పెళ్ళి మాట రెండేళ్ళు ఆపి, పీజీ సీటుకు దరఖాస్తు పెట్టించండి.